కాలానికి ముందే ఆడినవారు: నేటి స్ప్రెడ్ అఫెన్స్‌లో ఒదిగిపోయే నిన్నటి కళాశాల ఫుట్‌బాల్ ఆటగాళ్లు

1994 జనవరి 1వ తేదీ రాత్రి మయామీలోని ఆరెంజ్ బౌల్ మైదానంలో ఫ్లోరిడా స్టేట్, నెబ్రాస్కా విశ్వవిద్యాలయాల జట్లు అమెరికన్ ఫుట్‌బాల్‌లో కళాశాలల జాతీయ విజేత ఎవరో తేల్చుకోవడానికి తలపడ్డాయి. ఆట ముగియడానికి 21 సెకన్ల ముందు కొట్టిన ఫీల్డ్ గోల్‌తో (బంతిని తన్ని స్తంభాల మధ్యగా పంపడం) ఫ్లోరిడా స్టేట్ 18–16 ఆధిక్యంలోకి వెళ్లింది. చివరి సెకనులో నెబ్రాస్కా కొట్టిన 45 గజాల కిక్కు గురి తప్పింది. ఆ రాత్రి ఫ్లోరిడా స్టేట్ జట్టును నడిపిన క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపిస్తూ బంతిని విసిరే ఆటగాడు) చార్లీ వార్డ్, నెబ్రాస్కాను నడిపినవాడు టామీ ఫ్రేజర్. వార్డ్ ఆ సీజన్‌లోనే కళాశాల ఫుట్‌బాల్‌లో అత్యున్నతమైన హైజ్‌మన్ ట్రోఫీ గెలుచుకున్నాడు. ఫ్రేజర్ జట్టు ఆ తర్వాత వరుసగా 1994, 1995 సీజన్లలో జాతీయ విజేతగా నిలిచింది. 1995 హైజ్‌మన్ ఓటింగులో అతనిది రెండో స్థానం. ఇంతటి ఘనత సాధించిన ఈ ఇద్దరిలో ఏ ఒక్కరూ వృత్తి ఆటగాళ్ల లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. వార్డ్ బాస్కెట్‌బాల్ వైపు వెళ్లి న్యూయార్క్ నిక్స్ జట్టులో చేరాడు. ఫ్రేజర్‌ను రక్తం గడ్డకట్టే వ్యాధి వెంటాడింది.

ఈ ఇద్దరూ పాతికేళ్లు ఆలస్యంగా పుట్టి ఉంటే ఏమయ్యేది అన్న ప్రశ్న అమెరికాలో కళాశాల ఫుట్‌బాల్‌ను ప్రేమించేవారి మధ్య తరచూ చర్చకు వస్తుంది. ఎందుకంటే వారి తర్వాత ఆట స్వరూపమే మారిపోయింది. ఆటగాళ్లను మైదానమంతా పరిచి ఆడే స్ప్రెడ్ అఫెన్స్ అనే దాడి పద్ధతి ఒకప్పుడు చిన్న కళాశాలల ప్రయోగంగా మొదలై, నేడు దాదాపు ప్రతి జట్టుకూ పునాదిగా మారింది. అయితే ఈ చర్చలో సాధారణంగా వినిపించే సమాధానం ఒక్కటే: వేగంగా పరుగెత్తగల క్వార్టర్‌బ్యాక్ ఎవరైనా స్ప్రెడ్‌లో రాణిస్తాడని. నా దృష్టిలో ఈ సమాధానం సగం కూడా నిజం కాదు. స్ప్రెడ్‌కు కావలసిన గుణాలలో కాళ్ల వేగం మూడో స్థానంలోనో నాలుగో స్థానంలోనో ఉంటుంది. మొదటి స్థానం కదులుతున్న ఒక ప్రత్యర్థిని చూసి అర సెకనులో నిర్ణయం తీసుకోగల శక్తిది. ఆ కొలతతో వెనక్కి చూస్తే, మనకు కనబడే పేర్ల జాబితా కూడా మారిపోతుంది.

ముందుగా ఈ పద్ధతి వెనుక ఉన్న లెక్కను అర్థం చేసుకోవాలి. ఒక్కో జట్టులో 11 మంది ఉంటారు; దాడి చేసే జట్టు నాలుగు ప్రయత్నాలలో 10 గజాలు ముందుకు వెళ్లాలి; బంతి మధ్యలో ఉన్న సెంటర్ నుంచి క్వార్టర్‌బ్యాక్ చేతికి స్నాప్ ద్వారా వస్తుంది. పాత పద్ధతిలో దాడి జట్టు తన బలగాన్నంతా బంతి చుట్టూ గుమిగూడేలా నిలిపేది. ముందు అడ్డుగోడలా ఐదుగురు లైన్‌మెన్, వారి పక్కన అడ్డుకోవడమూ పాస్ పట్టడమూ చేసే టైట్ ఎండ్‌లు ఒకరో ఇద్దరో, వెనుక దారి చేసే ఒక ఫుల్‌బ్యాక్, అతని వెనుక పరుగెత్తే టెయిల్‌బ్యాక్. ఇలా నిలబడితే రక్షణ జట్టు కూడా ఎనిమిది, తొమ్మిది మందిని బంతికి ఎదురుగా గుమిగూడేలా నిలుపుతుంది. పైగా క్వార్టర్‌బ్యాక్ బంతిని అందించి పక్కకు తప్పుకోగానే అతను ఆటలో లేనట్టే. బంతి పట్టుకున్నవాడు ఒకడు కాబట్టి, అడ్డుకోగలిగేవారు తొమ్మిది మందే మిగులుతారు. ఎదుట మాత్రం 11 మంది ఉంటారు. అంటే ప్రతి పరుగుకూ అడ్డుకునేవారు ఇద్దరు తక్కువన్నది ముందే రాసిపెట్టి ఉంటుంది.

స్ప్రెడ్ ఈ లెక్కను రెండు వైపుల నుంచి సరిచేస్తుంది. మొదటిది విస్తీర్ణం. క్రికెట్‌లో ఫీల్డర్లను ఎక్కడ నిలపాలో బౌలింగ్ జట్టు నాయకుడు నిర్ణయిస్తాడు, బ్యాటర్ ఆ ఖాళీలను వెతుక్కుంటాడు. స్ప్రెడ్‌లో ఆ అధికారం దాడి జట్టు చేతికి వస్తుంది. పాస్ పట్టే ముగ్గురు, నలుగురు రిసీవర్లను మైదానం అంచుల వరకూ పరిచి నిలబెడితే, వారిని కాపలా కాయడానికి రక్షకులు కూడా అంత దూరమూ వెళ్లక తప్పదు. అప్పుడు బంతికి ఎదురుగా ఆరుగురు మాత్రమే మిగులుతారు. కళాశాల మైదానం దీనికి బాగా కలిసివస్తుంది. మైదానం వెడల్పు 160 అడుగులు. బంతిని ఉంచే హాష్ గీతల మధ్య దూరం కళాశాల ఆటలో 40 అడుగులు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పద్దెనిమిదిన్నర అడుగులే. అందువల్ల కళాశాలలో బంతి ఒక హాష్ గీత మీద ఉన్నప్పుడు ఒకవైపు 60 అడుగులు, మరోవైపు 100 అడుగుల చోటు ఉంటుంది. ఆ వంద అడుగుల వైపును కాచుకోవడం రక్షణ శిక్షకులకు నిత్యం తలనొప్పే.

రెండోది, క్వార్టర్‌బ్యాక్‌ను కూడా పరుగెత్తగలవాడిగా లెక్కలోకి తేవడం. ఇక్కడే అసలు మేధస్సు ఉంది. 1990ల తొలినాళ్లలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలోని గ్లెన్‌విల్ స్టేట్ అనే చిన్న కళాశాలలో రిచ్ రోడ్రిగెజ్ శిక్షకుడిగా ఉండేవారు. ఒకరోజు సాధనలో ఆయన క్వార్టర్‌బ్యాక్ జెడ్ డ్రెన్నింగ్ బంతిని సరిగా పట్టుకోలేక తడబడ్డాడు. బంతితో పరుగెత్తే రన్నింగ్ బ్యాక్‌కు అందించాల్సిన క్షణం దాటిపోయింది. అయితే అంచున ఉన్న డిఫెన్సివ్ ఎండ్ అనే రక్షకుడు రన్నింగ్ బ్యాక్ వెంట లోపలికి దూసుకుపోవడం గమనించి, డ్రెన్నింగ్ బంతితో ఖాళీ అయిన ఆ అంచు వైపు పరుగెత్తాడు. ఆ పొరపాటునే రోడ్రిగెజ్ ఒక నియమంగా మలిచారు. ఆ డిఫెన్సివ్ ఎండ్‌ను ఎవరూ అడ్డుకోనవసరం లేదు; అతన్ని చూస్తే చాలు. అతను లోపలికి వస్తే బంతిని క్వార్టర్‌బ్యాక్ తనవద్దే ఉంచుకోవాలి, నిలబడి ఉంటే రన్నింగ్ బ్యాక్‌కు ఇచ్చేయాలి. అడ్డుకోకుండా వదిలేసిన రక్షకుడు ఏం చేసినా తప్పే అవుతుంది. దీన్నే జోన్ రీడ్ అంటారు.

పాస్ వైపు నుంచి వచ్చిన మరో వంశం ఉంది. ఒహాయోలో టైగర్ ఎలిసన్ హైస్కూల్ స్థాయిలో రన్ అండ్ షూట్ అనే పాస్ పద్ధతిని రూపొందించారు. దాన్ని పోర్ట్‌లాండ్ స్టేట్‌లో మౌస్ డేవిస్ పెంచారు. హాల్ మమ్మీ, మైక్ లీచ్ ఇద్దరూ 1989లో ఐయోవా వెస్లియన్ కళాశాలలో పాస్‌ల మీదే ఎక్కువగా ఆధారపడే ఎయిర్ రెయిడ్‌కు బీజం వేశారు. ఈ రెండు వంశాలూ కలిసి పుట్టిన బిడ్డే నేటి ఆర్‌పీఓ (రన్-పాస్ ఆప్షన్). ఒకే ఎత్తుగడలో పరుగు, పాస్ రెండూ సిద్ధంగా ఉంటాయి; రక్షణ రెండో వరుసలోని ఒక లైన్‌బ్యాకర్ ముందుకు వస్తాడా వెనక్కి వెళతాడా చూసి క్వార్టర్‌బ్యాక్ ఎంచుకుంటాడు. కాబట్టి ఒక పాత ఆటగాడు స్ప్రెడ్‌కు సరిపోతాడా అని అడిగేముందు ఏ స్ప్రెడ్‌కు అని అడగాలి. ఎయిర్ రెయిడ్‌లో మెరిసేవాడు జోన్ రీడ్‌లో తేలిపోవచ్చు.

పద్ధతి మారితే ఆటగాడు నిజంగా అంతగా మారతాడా అన్న సందేహానికి ఇటీవలి ఉదాహరణ ఒకటి ఉంది. లూసియానా స్టేట్ క్వార్టర్‌బ్యాక్ జో బరో 2018లో పాత తరహా అఫెన్స్‌లో 2,894 గజాలు, 16 టచ్‌డౌన్ పాస్‌లు (బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటించినవి) సాధించాడు. మరుసటి ఏడు జో బ్రేడీ అనే యువ శిక్షకుడు వచ్చి రిసీవర్లను పరిచాక, అదే బరో 5,671 గజాలు, 60 టచ్‌డౌన్ పాస్‌లతో హైజ్‌మన్ గెలిచి జట్టును జాతీయ విజేతగా నిలిపాడు. ఒక ఏడాది అనుభవం, జమార్ చేజ్, జస్టిన్ జెఫర్సన్ వంటి రిసీవర్ల ఎదుగుదల కూడా అందులో పాలుపంచుకున్నాయన్నది నిజమే. అయినా ఆ తేడా మొత్తాన్నీ వాటికే ఆపాదించలేం. పద్ధతి దాచి ఉంచిన ప్రతిభ ఎంత ఉండగలదో తెలియడానికి ఈ రెండు సీజన్లే కొలబద్ద.

ఇప్పుడు ఫ్రేజర్ సంగతికి వద్దాం. నెబ్రాస్కాలో టామ్ ఓస్బోర్న్ ఆడించినది ఆప్షన్ ఫుట్‌బాల్. క్వార్టర్‌బ్యాక్ సెంటర్‌కు ఆనుకుని నిలబడి బంతి అందుకుని, లైన్ వెంట అడ్డంగా పరుగెడుతూ, అడ్డుకోకుండా వదిలేసిన రక్షకుడి వైపే వెళతాడు. ఆ రక్షకుడు తన మీదకు వస్తే పక్కన వస్తున్న బ్యాక్‌కు బంతి విసిరేస్తాడు. అతను బ్యాక్ వైపు మళ్లితే తానే లోపలికి దూరతాడు. జోన్ రీడ్ సూత్రానికీ దీనికీ తేడా ఎంత? మేధస్సు ఒకటే. తేడా అల్లా దూరంలో, సమయంలో ఉంది. షాట్‌గన్ అనే అమరికలో క్వార్టర్‌బ్యాక్ ఐదు గజాల వెనుక నిలబడి, మైదానమంతా కళ్ల ముందు ఉండగా ఆ రక్షకుడిని చదువుతాడు. ఫ్రేజర్ అదే పాఠాన్ని చేయి చాపితే తగిలే దూరంలో, మీద పడబోతున్న మనిషిని చూస్తూ చదివాడు. కష్టమైన రూపంలో నేర్చుకున్నవాడికి సులభమైన రూపం ఎలా ఉంటుందో ఊహించడం అంత కష్టం కాదు.

1996 జనవరి 2న ఫియెస్టా బౌల్‌లో నెబ్రాస్కా 62–24 తేడాతో ఫ్లోరిడాను ఓడించింది. ఆ రాత్రి నెబ్రాస్కా పరుగుల ద్వారానే 524 గజాలు సాధించగా, అందులో 199 ఫ్రేజర్‌వి. మూడో క్వార్టర్ చివర్లో అతను తీసిన 75 గజాల టచ్‌డౌన్ పరుగును ఇప్పటికీ పదేపదే చూస్తారు. ఒకరి తర్వాత ఒకరు మీదపడి పట్టుకున్న రక్షకులను విదిలించుకుని బయటపడిన తీరు నిజంగా అపురూపం. కానీ ఆ పరుగు చూసి ఫ్రేజర్‌ను కేవలం బలశాలిగా తలచేవారు అతనికి అన్యాయం చేస్తున్నారని నా అభిప్రాయం. ఆ సీజన్ అంతటా నెబ్రాస్కా దాడి సాఫీగా సాగడానికి కారణం, ఒక్కో ఆటలో పదుల సార్లు అతను తీసుకున్న చిన్న చిన్న నిర్ణయాలు. బంతిని ఎప్పుడు వదలాలో అతనికి తెలియడం.

అతని పాస్‌ల మాటేమిటని అడిగేవారికి నిజాయితీగా జవాబు చెప్పాలి. కళాశాలలో ఫ్రేజర్ విసిరిన పాస్‌లలో చేరినవి దాదాపు సగమే. నేటి మంచి క్వార్టర్‌బ్యాక్ వందకు అరవై ఐదు పాస్‌లు చేరవేస్తాడు. అయితే ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టడం సరికాదు. ఆప్షన్ జట్టు పాస్ విసిరేదే అరుదు. విసిరినప్పుడు రక్షణను పరుగు భ్రమలో పెట్టి, దూరంగా లోతుకు విసిరేది. స్ప్రెడ్‌లో అయితే లెక్కలోకి వచ్చే పాస్‌లలో చాలా భాగం పక్కనే నిలబడిన రిసీవర్‌కు అందించే బబుల్ స్క్రీన్‌లు. అవి పేరుకు పాస్‌లైనా, పనికి చేతికి అందించే హ్యాండాఫ్‌ల పొడవైన రూపాలే. నేటి పద్ధతిలో ఫ్రేజర్ శాతం తప్పక పెరిగేది. అయినా అతని చేయి ఎయిర్ రెయిడ్‌ను మోయగలదని నేను వాదించను. 2007లో ఫ్లోరిడాలో అర్బన్ మేయర్ వద్ద టిమ్ టీబో 32 టచ్‌డౌన్లు పాస్‌తో, 23 టచ్‌డౌన్లు పరుగుతో సాధించిన తరహా అఫెన్స్, 2010లో ఆబర్న్‌లో క్యామ్ న్యూటన్ నడిపిన తరహా అఫెన్స్ ఫ్రేజర్‌కు పుట్టినిల్లులా ఉండేది.

వార్డ్ కథ దీనికి పూర్తిగా భిన్నం. అతని విషయంలో ఊహ పెద్దగా అవసరం లేదు, ఎందుకంటే స్ప్రెడ్ ఆనవాళ్లు అతనిలోనే మొదట కనిపించాయి. 1992లో జార్జియా టెక్‌తో ఆటలో ఫ్లోరిడా స్టేట్ నాలుగో క్వార్టర్‌లో 24–14తో వెనుకబడి ఉంది. అప్పుడు బాబీ బౌడెన్ శిక్షక బృందం ప్రతి ఎత్తుగడకు ముందు గుమిగూడి మాట్లాడుకునే హడిల్ మానేసి, వార్డ్‌ను షాట్‌గన్‌లో నిలిపి, రిసీవర్లను పరిచి వేగంగా ఆడించింది. జట్టు 29–24తో గెలిచింది. ఆ తర్వాత అదే వారి ప్రధాన పద్ధతి అయింది, బాస్కెట్‌బాల్ నుంచి అరువు తెచ్చుకుని దాన్ని ఫాస్ట్ బ్రేక్ అన్నారు. వార్డ్ అదే విశ్వవిద్యాలయపు బాస్కెట్‌బాల్ జట్టులో పాయింట్ గార్డ్ కావడంతో ఆ పేరు మరీ సరిగ్గా అమరింది. 1993లో అతను 3,032 గజాలు, 27 టచ్‌డౌన్ పాస్‌లు సాధించాడు. ప్రత్యర్థుల చేజిక్కినవి నాలుగే. విసిరిన ప్రతి పదింటిలో దాదాపు ఏడు పాస్‌లు చేరాయి. ఆ రోజుల్లో అది అసాధారణం.

పాయింట్ గార్డ్ చేసే పని ఏమిటో ఆలోచిస్తే, వార్డ్ నేటి ఆర్‌పీఓకు ఎందుకంత దగ్గరివాడో తెలుస్తుంది. బంతితో ముందుకు వస్తూ, ఎదుటివాడు ఎటు వంగుతాడో చూసి, ఖాళీ అయిన సహచరుడికి బంతి చేర్చడమే ఆ పని. బంతిని త్వరగా వదలడం, కళ్లతో ఒకచోట చూస్తూ చేత్తో మరోచోటికి పంపడం, తాను పరుగెత్తడం అన్నది చివరి ప్రత్యామ్నాయంగా ఉంచుకోవడం పాయింట్ గార్డ్ అలవాట్లు. 1994లో వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ కొత్త ఆటగాళ్ల ఎంపికలో నిక్స్ అతన్ని 26వ స్థానంలో తీసుకున్నప్పుడు ఫుట్‌బాల్ ఒక గొప్ప క్వార్టర్‌బ్యాక్‌ను పోగొట్టుకుంది. ఆ నష్టం ఎంతటిదో ఆ తర్వాత పదిహేనేళ్లకు గానీ ఆటకే అర్థం కాలేదేమో.

ఈ ఇద్దరి తర్వాత నేను ఎంతో ఇష్టంగా తలచుకునే పేరు ఇండియానా విశ్వవిద్యాలయానికి 1998 నుంచి 2001 వరకు ఆడిన ఆంట్వాన్ రాండల్ ఎల్. 5 అడుగుల 10 అంగుళాల మనిషి. అగ్రశ్రేణి కళాశాల ఫుట్‌బాల్‌లో పాస్‌తో 40, పరుగుతో 40 టచ్‌డౌన్లు సాధించిన మొదటి ఆటగాడు అతనే. ఆ నాలుగేళ్లలో ఇండియానా ఒక్క సీజన్‌లోనూ ఓటముల కంటే ఎక్కువ గెలుపులు చూడలేదు గనుక, ఈ ఘనత గురించి దేశం పెద్దగా పట్టించుకోలేదు. ఎన్‌ఎఫ్‌ఎల్‌కు వెళ్లగానే పిట్స్‌బర్గ్ స్టీలర్స్ అతన్ని రిసీవర్‌గా మార్చింది. ఇక్కడ కాలం చేసిన చిత్రం చూడండి. 2006 జనవరి 4న రోజ్ బౌల్‌లో టెక్సస్ క్వార్టర్‌బ్యాక్ విన్స్ యంగ్, జోన్ రీడ్ ఆధారంగా నడిచిన అఫెన్స్‌తో పరుగులో 200 గజాలు, పాస్‌లో 267 గజాలు సాధించి, ఆట ముగియడానికి 19 సెకన్ల ముందు తానే టచ్‌డౌన్ చేసి 41–38తో సదరన్ కాలిఫోర్నియాను ఓడించాడు. పరుగెత్తే క్వార్టర్‌బ్యాక్ శకం వచ్చిందని దేశమంతా గుర్తించిన రాత్రి అది. దాదాపు నెల తర్వాత ఫిబ్రవరి 5న ఎన్‌ఎఫ్‌ఎల్ తుదిపోరైన సూపర్ బౌల్‌లో రిసీవర్‌గా ఉన్న రాండల్ ఎల్ చేతికి ఒక మాయ ఎత్తుగడలో భాగంగా బంతి వచ్చింది. పరుగెడుతూనే అతను సహచరుడు హైన్స్ వార్డ్‌కు 43 గజాల టచ్‌డౌన్ పాస్ విసిరాడు. సూపర్ బౌల్‌లో ఒక రిసీవర్ టచ్‌డౌన్ పాస్ విసరడం అదే మొదటిసారి. తన వృత్తి జీవితపు అతిపెద్ద వేదిక మీద అతనికి తన అసలు పని చేసే అవకాశం ఆ ఒక్క ఆటలో దక్కింది.

రాండల్ ఎల్‌ను రిసీవర్‌గా మార్చడాన్ని ఒక్క పద్ధతి మీదే నెట్టేయలేం. దశాబ్దాల పాటు నల్లజాతి క్వార్టర్‌బ్యాక్‌లను ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు రిసీవర్లుగా, రక్షకులుగా మార్చేవి. ఆలోచించే స్థానానికి వారు పనికిరారన్న దురభిప్రాయం దాని వెనుక ఉండేది. మిన్నెసోటా విశ్వవిద్యాలయపు క్వార్టర్‌బ్యాక్ టోనీ డంజీని స్టీలర్స్ వెనుక వరుస రక్షకుడైన సేఫ్టీగా మార్చింది. టెనెసీకి ఆడి, ఆగ్నేయ కాన్ఫరెన్స్‌లో మొదటి నల్లజాతి స్టార్టింగ్ క్వార్టర్‌బ్యాక్ అయిన కాండ్రెడ్జ్ హాలొవేను న్యూ ఇంగ్లండ్ జట్టు పాస్‌లను అడ్డుకునే డిఫెన్సివ్ బ్యాక్‌గా ఎంచుకుంది. ఆయన దానికి ఒప్పుకోకుండా కెనడా వెళ్లి, అక్కడి లీగ్‌లో క్వార్టర్‌బ్యాక్‌గానే రాణించారు. 1978 రోజ్ బౌల్‌లో వాషింగ్టన్‌ను గెలిపించిన వారెన్ మూన్‌దీ అదే దారి. ఎడ్మంటన్‌కు ఆడుతూ 1978 నుంచి 1982 వరకు కెనడా లీగ్ విజేతకిచ్చే గ్రే కప్‌ను వరుసగా ఐదుసార్లు గెలిచాకే ఎన్‌ఎఫ్‌ఎల్ తలుపు తెరిచింది.

కెనడా పేరు ఇన్నిసార్లు రావడం కాకతాళీయం కాదు. అక్కడి మైదానం వెడల్పు 65 గజాలు, అమెరికా మైదానం కంటే పదకొండు గజాలకు పైగా ఎక్కువ. జట్టుకు 12 మంది. ప్రయత్నాలు మూడే, కాబట్టి పాస్ తప్పనిసరి. స్నాప్‌కు ముందే రిసీవర్లు పరుగు మొదలుపెట్టవచ్చు. అంటే స్ప్రెడ్ ఆలోచన అక్కడ మైదానం కొలతల్లోనే ఇమిడి ఉంది. అందువల్ల మన ప్రశ్నకు కెనడా ఒక ప్రయోగశాల వంటిది. బోస్టన్ కాలేజీకి ఆడి 1984 హైజ్‌మన్ గెలిచిన డగ్ ఫ్లూటీ కూడా 5 అడుగుల 10 అంగుళాలే; ఎన్‌ఎఫ్‌ఎల్ ఎంపికలో 11వ రౌండ్ దాకా ఎవరూ తీసుకోలేదు. కెనడాలో అతను 1991లో ఒక్క సీజన్‌లో 6,619 గజాలు విసిరాడు. అత్యుత్తమ ఆటగాడి పురస్కారాన్ని ఆరుసార్లు అందుకున్నాడు. పొట్టివాడికి ఎత్తైన లైన్‌మెన్ వెనుక నుంచి మైదానం కనబడదన్నది అతని మీద ఉన్న ప్రధాన ఆరోపణ. షాట్‌గన్‌లో వెనక్కి జరిగి నిలబడితే, లైన్‌మెన్ మధ్య ఎడం పెంచితే, ఆ సమస్య చాలావరకు తీరిపోతుంది. ఎయిర్ రెయిడ్ చేసింది సరిగ్గా ఇదే.

క్వార్టర్‌బ్యాక్‌ల గురించే మాట్లాడుతూ పోతే మరో అన్యాయం జరుగుతుంది. పాత పద్ధతులు అందరికంటే ఎక్కువగా దాచిపెట్టింది పాస్ పట్టగలవారినే. దీనికి నాకు తెలిసిన అతి గొప్ప ఉదాహరణ ఒక్లహోమా టైట్ ఎండ్ కీత్ జాక్సన్. 1984 నుంచి 1987 వరకు అతను ఆడిన జట్టు బ్యారీ స్విట్జర్ నడిపిన విష్‌బోన్ జట్టు; ముగ్గురు బ్యాక్‌లు, పరుగే ప్రాణం. అక్కడ ట్రాయ్ ఐక్‌మన్ వంటి పాసర్ కూడా 1985లో గాయపడి చోటు కోల్పోయి, చివరికి యూసీఎల్ఏకి వెళ్లి ఆడాడు. అటువంటి జట్టులో జాక్సన్ నాలుగేళ్లలో పట్టిన పాస్‌లు 62. అంటే ఏడాదికి సగటున పదహారు కూడా లేవు. కానీ ఒక్కో పాస్‌కు వచ్చిన సగటు 23.7 గజాలు! టైట్ ఎండ్‌కు అది నమ్మశక్యం కాని అంకె. 1985లో నెబ్రాస్కా మీద దిశ మార్చే రివర్స్ ఎత్తుగడలో బంతి అందుకుని 88 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేసినవాడూ అతనే. 1988లో ఫిలడెల్ఫియా ఈగిల్స్‌లో చేరిన మొదటి ఏడాదే అతను 81 పాస్‌లు పట్టాడు. నాలుగేళ్ల కళాశాల జీవితం మొత్తం కంటే ఒక్క సీజన్‌లో ఎక్కువ! పద్ధతి మారితే ఏమయ్యేదో అని ఊహించనక్కరలేని అరుదైన ఆటగాడు జాక్సన్. ఆ జవాబు అతనే ఇచ్చాడు. నేటి స్ప్రెడ్‌లో టైట్ ఎండ్‌ను లైన్ నుంచి విడదీసి, లైన్‌కూ అంచు రిసీవర్‌కూ మధ్య ఉండే స్లాట్‌లో నిలుపుతారు. లైన్‌బ్యాకర్ కంటే వేగం, సేఫ్టీ కంటే బలం ఉన్న జాక్సన్‌ను అక్కడ ఎవరితో కాపలా కాయించాలన్నది ఏ రక్షణ శిక్షకుడికైనా తెగని సమస్యే.

అందరూ లాభపడరు. 1999 హైజ్‌మన్ విజేత, విస్కాన్సిన్ టెయిల్‌బ్యాక్ రాన్ డేన్ విషయం చూడండి. భారీకాయుడైన అతని శక్తి అంతా క్వార్టర్‌బ్యాక్‌కు వెనుక లోతుగా నిలబడి, పూర్తి ఊపుతో నేరుగా లైన్‌ను ఢీకొట్టడంలో ఉంది. షాట్‌గన్‌లో రన్నింగ్ బ్యాక్ క్వార్టర్‌బ్యాక్ పక్కన నిలబడి, అడ్డంగా కదులుతూ బంతి అందుకుంటాడు. ఆ ఊపు అక్కడ దొరకదు. ఈ లోపాన్ని గమనించే 2005లో నెవాడా శిక్షకుడు క్రిస్ ఆల్ట్ పిస్టల్ అనే అమరికను తెచ్చారు. క్వార్టర్‌బ్యాక్ నాలుగు గజాల వెనుక, అతని వెనుకే నేరుగా రన్నింగ్ బ్యాక్. డేన్ లాంటివాడికి ఆ ఒక్క శాఖలో చోటు ఉండవచ్చు. ఫుల్‌బ్యాక్‌లకు అదీ లేదు. ఆ స్థానమే చాలా జట్లలో కనుమరుగైంది. ఇక 1988లో ఒక్లహోమా స్టేట్‌కు ఆడి 2,628 గజాలు, 37 టచ్‌డౌన్లు సాధించిన బ్యారీ శాండర్స్‌ను ఈ చర్చలోకి తేవడం నాకు వృథా ప్రయాస అనిపిస్తుంది. అతను ఏ అమరికలోనైనా అంతటివాడే.

ఈ పోలికలన్నిటికీ ఒక హద్దు ఉంది. నిన్నటి ఆటగాడిని నేటి పద్ధతిలోకి తెస్తున్నప్పుడు, నేటి రక్షణను కూడా అతని ముందు నిలపాలి. ఫ్రేజర్ ఎదుర్కొన్న లైన్‌బ్యాకర్లు పరుగును ఢీకొట్టి ఆపడానికి ఎంపిక చేసిన బరువైన మనుషులు. స్ప్రెడ్ వ్యాపించాక శిక్షకులు వారి స్థానంలో తేలికైన, వేగమైన ఆటగాళ్లను తెచ్చుకున్నారు. అదనపు డిఫెన్సివ్ బ్యాక్ ఇప్పుడు దాదాపు శాశ్వత సభ్యుడు. 2017 నుంచి ఐయోవా స్టేట్ మూడో సేఫ్టీని మైదానం మధ్యలో లోతుగా నిలిపి ఎయిర్ రెయిడ్ జట్లను ఇబ్బంది పెట్టడం మొదలుపెట్టాక, ఆ అమరికను మరెన్నో జట్లు అనుసరించాయి. జోన్ రీడ్‌కు కూడా విరుగుడు వచ్చింది: డిఫెన్సివ్ ఎండ్ కావాలనే లోపలికి దూసుకుపోయి క్వార్టర్‌బ్యాక్ బంతి ఉంచుకునేలా చేస్తాడు, అతని వెనుక నుంచి లైన్‌బ్యాకర్ ఖాళీ అంచుకు వచ్చేస్తాడు. ఇలాంటి వల ముందు కేవలం వేగం ఉన్నవాడు ఒకటి రెండు ఆటల్లో దొరికిపోతాడు, చదవగలిగినవాడే నిలుస్తాడు. నేను నిర్ణయశక్తికి మొదటి స్థానం ఇవ్వడానికి ఇదొక ముఖ్య కారణం.

చివరగా వెస్ట్ వర్జీనియా. 1988 అక్టోబరులో మోర్గన్‌టౌన్‌లో పెన్ స్టేట్‌తో జరిగిన ఆటలో ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ మేజర్ హ్యారిస్ తాను ప్రకటించిన ఎత్తుగడనే మరిచిపోయాడు. స్నాప్ కాగానే సహచరులంతా ఒకవైపు కదిలారు, అతను ఒంటరిగా రెండోవైపు వెళ్లాడు. ఎదురుగా పెన్ స్టేట్ రక్షకులు ఉన్నారు, అడ్డుకోవడానికి తనవాడు ఒక్కడూ లేడు. అయినా ఒక్కొక్కరినీ తప్పించుకుంటూ 26 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. ఆ ఏడాది జట్టు రెగ్యులర్ సీజన్‌లో ఒక్క ఆటా ఓడలేదు. 1989లో హ్యారిస్ హైజ్‌మన్ ఓటింగులో మూడో స్థానంలో నిలిచాడు. 1990 ఎన్‌ఎఫ్‌ఎల్ ఎంపికలో మాత్రం రెయిడర్స్ అతన్ని 12వ రౌండ్‌లో తీసుకుంది. ఎన్‌ఎఫ్‌ఎల్ మైదానంలో అతను ఎన్నడూ అడుగుపెట్టలేదు.

ఆ పరుగును ఇప్పుడు మళ్లీ చూసేవారికి ఒక విషయం తట్టక మానదు. లైన్ అంతా ఒకవైపు కదలడం, రక్షణ దాని వెంట పోవడం, క్వార్టర్‌బ్యాక్ బంతితో రెండోవైపు నుంచి బయటపడడం: కాగితం మీద గీస్తే అది జోన్ రీడ్ బొమ్మే. హ్యారిస్ చేతిలో అది మరపు వల్ల జరిగింది. అదే విశ్వవిద్యాలయంలో, హ్యారిస్‌ను ఆడించిన డాన్ నెలెన్ వద్దే, 1980ల తొలినాళ్లలో డిఫెన్సివ్ బ్యాక్‌గా ఆడి వెళ్లినవాడు రిచ్ రోడ్రిగెజ్. నెలెన్ విరమించాక 2001లో ఆయన స్థానంలోకి వచ్చి, గ్లెన్‌విల్‌లో పుట్టిన ఆ ఎత్తుగడను మోర్గన్‌టౌన్‌కు తెచ్చారు. 2005లో ఆయన చేతికి ప్యాట్ వైట్ అనే సన్నని యువకుడు దొరికాడు. హ్యారిస్ ఒకసారి పొరపాటున వెళ్లిన దారిలో వైట్ నాలుగేళ్ల పాటు ప్రతి శనివారం పరుగెత్తాడు. 2008 సీజన్ ముగిసేసరికి అతని పరుగులు 4,480 గజాలు, అప్పటికి అగ్రశ్రేణి కళాశాల ఫుట్‌బాల్‌లో ఏ క్వార్టర్‌బ్యాక్ సాధించినదానికంటే ఎక్కువ.